సైకిల్ దారి పూర్వాశ్రమం

ఆల్ప్స్‌లో సైకిల్ యాత్ర అనగానే మనవాళ్లు ముందు రెండు సంగతులు వెతుకుతారు. కనుమ ఎంత ఎత్తు, సరస్సు ఫొటోలో ఎంత నీలం. మ్యూనిక్‌లోనో జూరిక్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, వేసవిలో వారం సెలవు పెట్టి సైకిలుకి సంచులు తగిలించి బయల్దేరే తెలుగువాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. పిల్లాపాపలతో వెళ్లేవాళ్లయితే కార్లు తిరగని దారే కావాలంటారు. అలాంటి దారులు అక్కడ వందల కిలోమీటర్లు ఉన్నాయి. కానీ ‘కార్లు లేవు’ అన్న ఒక్క మాట చూసుకుని దిగినవాళ్లు చాలామంది రెండో రోజుకే మోకాళ్లు పట్టుకుంటారు. నన్నడిగితే మొదట కనుక్కోవలసింది ఆ దారి పూర్వాశ్రమం. సైకిల్ దారి కాకముందు అదేం చేసేది?

జవాబులు నాలుగే. రైలు కట్ట, నది కరకట్ట, రైతుల డొంక, వదిలేసిన పాత రోడ్డు. వాలు ఎంత, కింద తారా కంకరా, నీడ ఉంటుందా, ఎవరు ఎదురొస్తారు అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి. బోర్డు మాత్రం నాలుగింటికీ ఒకటే.

రైలు కట్ట అన్నిటికంటే ఉత్తమం. ఆవిరి ఇంజను ఎక్కలేని వాలు ఇంజనీర్లు వేయలేదు కాబట్టి కొండల్లో కూడా అది చాలామటుకు 2 నుంచి 2.5 శాతం దాటదు. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు అనుకుందాం. 2.2 శాతం ఎక్కుడులో గంటకు 11 కిలోమీటర్లు పోవడానికి దాదాపు 100 వాట్లు చాలు. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి గంటల తరబడి తొక్కగలడు. అదే 12 శాతం ఎక్కుడులో గంటకు 6 కిలోమీటర్లు పోవాలన్నా 200 వాట్లు దాటుతుంది. పది నిమిషాల్లో ఆయాసం.

ఆ 12 శాతం ఎక్కుళ్లు డొంకల్లో వస్తాయి. లోయలో చదునైన జాగాను హైవే, రైలు, నది పంచేసుకున్నాక సైకిలు దారికి మిగిలేది పక్క గుట్ట. హైవే హాయిగా కింద సాగిపోతుంటే, సైకిలు దారి పచ్చిక బయళ్ల మధ్య పైకెక్కి, ఓ పల్లె చుట్టి, మళ్లీ దిగుతుంది. రోజంతా కలుపుకుంటే కనుమ ఎక్కినంత శ్రమ, కనుమ ఎక్కామన్న పేరు మాత్రం దక్కదు. పైగా కార్లు రావు గానీ ట్రాక్టర్లు వస్తాయి. వాటికి అనుమతి ఉంటుంది, అది వాళ్ల దారే. పశువులు దాటకుండా దారికి అడ్డంగా వేసిన ఇనుప కడ్డీల మీద నిటారుగా, బ్రేకు పట్టకుండా పోవాలి. వానలో వాటి మీద హ్యాండిల్ తిప్పితే పడటం ఖాయం.

కరకట్ట చదును. కృష్ణ కరకట్ట మీద తొక్కినవాళ్లకి దాని సుఖమూ విసుగూ రెండూ తెలుసు. నీడ ఉండదు, మలుపు ఉండదు, గాలికి అడ్డు ఉండదు. ఆస్ట్రియాలో ద్రావ నది వెంట స్పిట్టాల్ నుంచి విల్లాఖ్ దాకా చాలామటుకు ఇదే బాపతు. వంతెనల కింద నుంచి దారి దూరి పోయేచోట, నాలుగు రోజుల వాన తర్వాత బురద పేరుకుని ఉంటుంది. వేగంగా దిగితే ముందు చక్రం జారేది అక్కడే.

ఈ లెక్కలన్నీ ఒకే యాత్రలో చూడాలంటే ఆస్ట్రియాలోని జాల్జ్‌బర్గ్ నుంచి ఇటలీ సముద్రతీరం గ్రాడో దాకా పోయే ఆల్పె ఆద్రియా దారి పట్టాలి. 410 కిలోమీటర్ల పైచిలుకు. జర్మనీలో ఉండేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. అక్కడి నెలవారీ లోకల్ రైలు పాసు, డాయిష్‌లాండ్ టికెట్, జాల్జ్‌బర్గ్ స్టేషను దాకా చెల్లుతుంది. సైకిలుకి టికెట్ వేరే కొనాలి.

ఈ దారిని పొగిడేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. ఎక్కడైనా రద్దీలేని దారి తెగేది రెండు చోట్ల: లోయ ఇరుకైనచోట, నీళ్లు రెండు వైపులకి విడిపోయే గట్టు దగ్గర. కారణం మామూలుదే. అక్కడ ఉన్నదే కాస్త సందు, అందులో రోడ్డు, రైలు ముందే దూరాయి. యాత్ర బాగా సాగిందా లేదా అన్నది తెగని మూడు వందల కిలోమీటర్ల మీద కాదు, ఈ తెగిన ముక్కల మీద ఆధారపడుతుంది.

మొదటిది జాల్జ్‌బర్గ్ దాటి గోలింగ్ తర్వాత వచ్చే లూఎగ్ కనుమ. ఎత్తు 552 మీటర్లే గానీ జాల్జాఖ్ నది అక్కడ బండల మధ్య నలిగిపోతుంది, సైకిలూ రోడ్డెక్కాల్సిందే. శనాదివారాల్లో మోటారు సైకిళ్ల గుంపులు ఉంటాయి కాబట్టి మామూలు రోజు పొద్దున్నే దాటేయడం మంచిది. రెండోది గాస్టైన్ లోయ ముఖద్వారం, అదీ ఇరుకే. అక్కణ్నుంచి బాద్ గాస్టైన్ దాకా ఎక్కి, బోక్‌స్టైన్ చేరాక మూడోది వస్తుంది. ఎదురుగా టౌఎర్న్ పర్వతాల గోడ. సైకిలుకి దారే లేదు.

అక్కడ రైలెక్కాలి. 1909లో తెరిచిన 8 కిలోమీటర్ల పైచిలుకు సొరంగంలోంచి కార్లనీ సైకిళ్లనీ కలిపి దాటించే రైలు అది. పది పన్నెండు నిమిషాల్లో అవతల మాల్నిట్జ్‌లో దించుతుంది. ‘రైలెక్కితే సైకిలు యాత్ర ఎలా అవుతుంది’ అనే పంతం కొందరికి. ఆ పంతానికి వాళ్లు కట్టే మూల్యం ట్రక్కుల పొగలో ఒక రోజు. ఒక్క జాగ్రత్త: ఈ సొరంగాన్ని మరమ్మతుల కోసం 2024 నవంబరు నుంచి 2025 జూలై దాకా మూసేశారు. ఇలాంటి దారిలో ఒక్క లింకు తెగితే మొత్తం యాత్ర అటకెక్కుతుంది. హోటళ్లు బుక్ చేసేముందు రైలు నడుస్తోందో లేదో చూసుకోవాలి.

మాల్నిట్జ్ 1,190 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్నుంచి కింద ఓబర్‌ఫెల్లాఖ్ దాకా సుమారు 500 మీటర్ల దిగుడు, అదీ కార్లు తిరిగే రోడ్డు మీద. ఈ యాత్రలో ప్రమాదం అంటూ ఉంటే ఎక్కేచోట కాదు, ఇక్కడ. 100 కిలోల బరువు 500 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 490 కిలోజౌళ్లు. లీటరున్నర చన్నీళ్లు మరిగించేంత వేడి. నెమ్మదిగా బ్రేకు పట్టుకునే దిగితే ఆ వేడిలో చాలా భాగం రెండు రిమ్ముల్లోకో రెండు డిస్కు పళ్లేల్లోకో పోతుంది. రిమ్ బ్రేకులయితే ట్యూబు వేడెక్కి వాల్వు మొదట్లో పగులుతుంది. డిస్కు బ్రేకులయితే ప్యాడ్ల మీద గాజులా మెరుపెక్కి, ఎంత నొక్కినా పట్టు దొరకదు.

చేయాల్సింది ఏమిటంటే, తిన్నగా ఉన్నచోట వేగం అందుకోనివ్వాలి. గాలే కొంత శక్తి తినేస్తుంది. మలుపుకి ముందు రెండు బ్రేకులూ గట్టిగా, రెండు మూడు సెకన్లు పట్టి వదిలేయాలి. మలుపులో పట్టకూడదు. సగం దూరంలో ఒకసారి ఆగి చల్లారనివ్వాలి, పళ్లేన్ని వేలితో ముట్టుకోకూడదు. బయల్దేరే ముందే ప్యాడ్ల మందం చూసి, మిల్లీమీటరు కంటే తక్కువ మిగిలి ఉంటే మార్చేయాలి. ఒక జత అదనంగా సంచిలో ఉండాలి. రెజిన్ ప్యాడ్లు వాన రోజున ఇట్టే అరిగిపోతాయి, సామానుతో పోయేవాళ్లకి లోహపు ప్యాడ్లే నయం, కీచుమన్నా సరే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాకు మీద సాధన చేసి వచ్చేవాళ్లకి కాళ్లు సిద్ధంగా ఉంటాయి, బ్రేకు పట్టే చేతులు ఉండవు. ఒక్కసారైనా హార్స్‌లీ కొండల ఘాట్ లాంటిచోట, సంచులు నింపిన సైకిలుతో దిగి చూసుకోవాలి. ఖాళీ సైకిలుతో దిగితే లెక్కలోకి రాదు.

ఇక గాలి. దీని గురించి బ్రోషర్లలో ఒక్క ముక్క ఉండదు. ఎండెక్కాక లోయ పక్కల గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి మైదానం నుంచి గాలి ఎగబాకుతుంది. అందుకే వేసవిలో మబ్బులేని రోజున, పదకొండు పన్నెండు నుంచి సాయంత్రం దాకా గాలి లోయ కింద నుంచి పైకి వీస్తుంది. రాత్రి తిరగబడి పైనుంచి కిందికి, కాస్త బలహీనంగా. దీన్నిబట్టి దక్షిణంగా పోయేవాళ్లకి ఒక సూత్రం తయారవుతుంది. టౌఎర్న్‌కి ఉత్తరాన, జాల్జాఖ్ వెంట ఎక్కేటప్పుడు మధ్యాహ్నపు గాలి వీపు తోస్తుంది, అక్కడ ఆలస్యంగా బయల్దేరినా నష్టం లేదు. దక్షిణాన ద్రావ లోయలో, ఇటలీ వైపు ఫెల్లా నది లోయలో దిగేటప్పుడు అదే గాలి మొహానికి కొడుతుంది. దిగుడులో కూడా తొక్కాల్సి వస్తే మనిషికి ఎక్కడలేని చిరాకు. కాబట్టి అటువైపు ఏడున్నరకల్లా సైకిలెక్కి, మధ్యాహ్నం ఒంటిగంటకి ముగించాలి. ముఖ్యంగా వెంజోనె ఊరి దగ్గర, ఫెల్లా వచ్చి తాల్యామెంతో నదిలో కలిసిన తర్వాత లోయ మైదానంలోకి తెరుచుకునేచోట.

దీనికి మినహాయింపు స్విట్జర్లాండులోని ఎగువ ఎంగదీన్ లోయ. జిల్స్, జిల్వాప్లానా సరస్సుల మీద మధ్యాహ్నం వీచే మలోయా గాలి లోయ పైనుంచి కిందికి వస్తుంది. పడమటి వైపు పక్క లోయ గాలి మలోయా కనుమ దాటి ఇటు పొర్లిపోతుంది. అందుకే మలోయా నుంచి సాంక్ట్ మోరిట్జ్ వైపు మధ్యాహ్నం పోతే సుఖం, ఎదురు వస్తే నరకం.

విల్లాఖ్ దాటి ఇటలీలోకి, టార్విజియోకి చేరాక ఈ యాత్రకి అసలైన బహుమానం మొదలవుతుంది. ఊదినె నుంచి ఇటు వచ్చే పొంతెబ్బానా రైలు మార్గం 1879లో పూర్తయింది. కొండచరియల గొడవ లేకుండా పొడవాటి సొరంగాల్లోంచి కొత్త జంట లైను వేసి, 2000 ప్రాంతానికల్లా పాతదాన్ని వదిలేశారు. ఆ పాత కట్ట మీదే ఇప్పుడు సైకిలు బాట. ఉక్కు వంతెనల మీద నుంచి ఫెల్లా నదిని ఇటూ అటూ దాటుతూ, సొరంగాల్లోంచి, తారు మీద, సన్నని దిగుడు. కంపోరోస్సో దగ్గర డాన్యూబ్ వైపు పోయే నీళ్లూ ఆద్రియా సముద్రం వైపు పోయే నీళ్లూ విడిపోయే గట్టు దాటతాం, ఎక్కినట్టు కూడా తెలియదు. అదీ రైలు కట్ట మహిమ. పొంతెబ్బా మొదటి ప్రపంచయుద్ధం దాకా ఇటలీకీ ఆస్ట్రియాకీ సరిహద్దు. క్యూజఫోర్తెలో పాత రైలు స్టేషనే కాఫీ హోటలయింది, నీళ్లు, మరుగుదొడ్డి అన్నీ అక్కడే దొరుకుతాయి.

సొరంగాల్లో దీపాలున్నాయి, అయినా సొంత లైటు వేసుకోవాలి. నల్లద్దాలు ముఖద్వారానికి ముందే తీసేయాలి. ఎండలోంచి చీకట్లోకి పోయిన మొదటి కొన్ని సెకన్లు కళ్లు పనిచేయవు, సరిగ్గా అప్పుడే ఎదుటివాడు కూడా గుడ్డిగా వస్తుంటాడు. లోపల నేల తడిగా ఉంటుంది, చలి కొడుతుంది.

ఇక్కడా బాట అక్కడక్కడా తెగుతుంది. పొంతెబ్బా దిగువన కొంతమేర, రెజ్యూత్తా దాటాక వెంజోనె వైపు కొంతమేర 13వ నంబరు జాతీయ రహదారి మీదికి రావలసి వస్తుంది. పక్కనే మోటారు వే ఉంది కాబట్టి పెద్ద ట్రక్కులు అటే పోతాయి, మరీ భయపడాల్సింది లేదు. బాటను పొడిగించే పనులు జరుగుతుంటాయి కనక పాత జీపీఎస్ ఫైలు నమ్ముకోకుండా ఆ ఏడాది మ్యాపు చూసుకోవాలి. పిల్లలున్నవాళ్లు రెజ్యూత్తా దగ్గర ఆపేసి వెనక్కి తిరిగితే వాళ్లకేం తక్కువ కాదు.

టార్విజియోలో ఒకరోజు ఎక్కువ ఉండగలిగితే ఇంకో పాత రైలు కట్ట ఉంది. 1870లో తెరిచిన టార్విజియో–ల్యుబ్ల్యానా లైను, ఈ వైపు రైళ్లు 1960ల్లో ఆగిపోయాయి. దాని మీదుగా స్లొవేనియాలోకి రాతెచె, క్రాన్‌స్కా గోరా, మోయ్‌స్ట్రానా మీదుగా యెసెనిచె దాకా పోవచ్చు. రాతెచె పక్కన జెలెంచిలో సావా దొలింకా నది ఆకుపచ్చ మడుగులోంచి బుగ్గలు బుగ్గలుగా పుడుతుంది. ఫూజినె జంట సరస్సులు కూడా ఈ దారికి దగ్గరే, కాకపోతే బాట వదిలి రెండు మూడు కిలోమీటర్లు కార్ల రోడ్డు మీద ఎక్కాలి. తొమ్మిదికి ముందే వెళ్లి దిగేయండి.

సరస్సుల మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. సరస్సు చుట్టూ తిరగాలన్న మోజు నాకు అర్థం కాదు. ఒడ్డున చాలామటుకు ప్రైవేటు ఇళ్లు, లేదా కొండ నేరుగా నీళ్లలోకి దిగి ఉంటుంది. కాబట్టి చుట్టు పూర్తిచేయాలంటే సగం దూరం కార్ల మధ్యే. ఫ్రాన్సులో అన్సీ సరస్సు చుట్టు దాదాపు 40 కిలోమీటర్లు. పడమటి ఒడ్డున పాత అన్సీ–ఆల్బర్‌విల్ రైలు కట్ట మీద బంగారంలాంటి బాట ఉంది, తూర్పు ఒడ్డున రోడ్డూ ఎక్కుడూ. చుట్టు వదిలేసి అదే కట్ట పట్టుకుని ఉజీన్ దాకా పోతే రోజంతా కార్ల బెడద ఉండదు. ఇటలీలో గార్డా సరస్సు మీద లిమోనె దగ్గర 2018లో తెరిచిన, కొండకి వేలాడే బాట ఫొటో చూడనివాళ్లు లేరు. పొడవు రెండు కిలోమీటర్లే, పైగా జనం నడకకే సరిపోదు. అంతకంటే ఆదిజె లోయ నుంచి మోరి మీదుగా అదే సరస్సు ఒడ్డున తొర్బొలెకి దిగే బాట ఎన్నో రెట్లు నయం. ఎలాగూ చుట్టే రావాలి అనుకుంటే సవ్యంగా, అంటే గడియారపు ముల్లు తిరిగే దిక్కున తిరగండి. అక్కడ కుడివైపు నడక కాబట్టి సరస్సు మన పక్కనే ఉంటుంది, ఆగాలంటే రోడ్డు దాటక్కర్లేదు. నీరు పల్లమెరుగు అన్నారు. సరస్సులున్నది లోయ అడుగున, రైలు వేసిందీ ఆ నీళ్ల వెంటే. కాబట్టి మంచి లోయ దారి పట్టుకుంటే సరస్సులు వాటంతటవే దారిలో తగులుతాయి.

ఇటలీలోని దొబ్బియాకో అందుకు మంచి ఉదాహరణ. ఒక్క ఊరి నుంచి రెండు దారులు. దక్షిణాన కొర్తీనా మీదుగా కలాల్జో దాకా 60 కిలోమీటర్ల పైచిలుకు, 1964లో మూసేసిన డోలమైట్ల రైలు కట్ట. దొబ్బియాకో, లాండ్రో సరస్సుల పక్కనుంచి, 1,530 మీటర్ల చిమబాంకె గట్టు మీదుగా. కొర్తీనా దాకా కంకర, తర్వాత తారు. ఆ సున్నపురాతి పొడి వానలో తెల్లటి పేస్టయి చైనుకి పట్టేస్తుంది. సాయంత్రం తుడిచి నూనె వేయకపోతే మర్నాడు గేర్లు మొరాయిస్తాయి. చలికాలం దీని మీద స్కీయింగ్ చేస్తారు, మే మధ్యకి ముందు వెళ్తే నీడపట్టున మంచు ఉండొచ్చు. రెండోది తూర్పున ద్రావ వెంట, పక్క ఊరు సాన్ కాండిడో నుంచి ఆస్ట్రియాలోని లీంజ్‌కి, 44 కిలోమీటర్లు, 500 మీటర్ల దిగుడు. ఆగస్టులో ఇటలీ కుటుంబాలు అద్దె సైకిళ్ల మీద తిరనాళ్లలా దిగుతాయి. దారిలో లోఆకర్ వేఫర్ల ఫ్యాక్టరీ దుకాణం దగ్గర సైకిలు ఆనించడానికి చోటుండదు, తిరుగు రైళ్లూ కిటకిట. జూన్‌లోనో సెప్టెంబరులోనో వెళ్లండి, లేదా లీంజ్‌లో ఆగకుండా ద్రావ వెంటే ముందుకి సాగిపోండి.

సైకిలు సంగతి క్లుప్తంగా. 40 మిల్లీమీటర్ల టైర్లు, 100 కిలోల మొత్తానికి వెనక 50, ముందు 40 పీఎస్ఐ దగ్గర గాలి. ముందు 34, వెనక 34 పళ్ల గేరు రైలు కట్టకి చాలు. డొంక ఎక్కుడులో గంటకు 6 కిలోమీటర్లంటే నిమిషానికి 45 తొక్కులే పడతాయి, మోకాళ్ల నొప్పి మొదలయ్యేది దానివల్లే. ముందు 30, వెనక 36 ఉంటే 55కి వస్తుంది. గదుల్లో బస చేసేవాళ్లకి సామాను 8 కిలోలు దాటనక్కర్లేదు. టెంటుతో అయితే 15. పిల్లల ట్రైలరు లాగేవాళ్లు దాని వెడల్పు కొలిచి గుర్తుంచుకోవాలి, ఇటలీ బాటల మీద కార్లు రాకుండా పాతిన స్తంభాల మధ్య అది ఇరుక్కోవచ్చు. రోజుకి 50, 55 కిలోమీటర్లు చాలు.

ఆస్ట్రియాలో ఆదివారం కిరాణా దుకాణాలు మూసేస్తారు, శనివారం సాయంత్రమే రొట్టె, పళ్లు కొనిపెట్టుకోవాలి. ఇటలీ పల్లెల్లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా అంతే. ఊళ్లలో తొట్ల దగ్గర పారే నీళ్లు తాగొచ్చు, ‘కైన్ ట్రింక్‌వాసర్’ అనో ‘నాన్ పొతాబిలె’ అనో రాసి ఉంటే తప్ప. శాకాహారులు క్నోడల్ (రొట్టెతో చేసే ఉండలు) అడిగేటప్పుడు లోపల పంది మాంసం ముక్కలున్నాయా, పోసే చారు గొడ్డు మాంసం ఎముకలదా అని రెండూ అడగాలి. జున్ను క్నోడల్ అని ఉన్నా చారు మాత్రం అదే కావచ్చు.

1976 భూకంపంలో కూలి, రాయి రాయి పేర్చి మళ్లీ కట్టుకున్న వెంజోనె దాటాక ఊదినె, నక్షత్రం ఆకారపు కోట ఊరు పాల్మనోవా, అక్విలేయా వరసగా వస్తాయి. అంతా మైదానం, ఎండ ఎక్కువ. అక్విలేయా నుంచి గ్రాడోకి ఉప్పుకయ్య మధ్య కట్ట మీద బాట, పక్కగాలి బాగా కొడుతుంది, ముందు సంచులు ఉంటే హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి. గ్రాడోలో రైలు స్టేషను లేదు. ఆఖరి రోజు తిరుగు రైలు వెంటనే దొరుకుతుందని లెక్కేసుకున్నవాళ్లు అక్కడ ఇరుక్కుంటారు. మళ్లీ అదే కట్ట మీదుగా చెర్విన్యానో స్టేషను దాకా గంటకు పైగా వెనక్కి తొక్కి, అక్కణ్నుంచి ఊదినె చేరి, సైకిళ్లు ఎక్కించుకునే మికోట్రా రైలు పట్టుకుంటే విల్లాఖ్. ఆ పైన జాల్జ్‌బర్గ్ వైపు పెద్ద రైళ్లలో సైకిలుకి సీటు ముందే బుక్ చేసి ఉండాలి. వేసవి శనాదివారాలకి అవి ముందుగానే నిండిపోతాయి.